పుస్తకం చుట్టూ తిరిగే ఏడాది

‘కంటికి కన్ను’ అన్న మాట తెలుగువాళ్ళకు కొత్తది కాదు. పాత నిబంధన చదివినవాళ్ళకు నిర్గమకాండంలో కనిపిస్తుంది. చదవనివాళ్ళు ఏ సినిమా డైలాగులోనో వినే ఉంటారు. యూదుల ధర్మమంటే పగకు పగ తీర్చుకునే కరకు చట్టమన్న అభిప్రాయం చాలావరకు ఈ రెండు మాటల మీదే నిలబడి ఉంది. అయితే యూదుల చట్టం ప్రకారం ఒకడు ఇంకొకడి కన్ను పోగొడితే చెల్లించాల్సింది డబ్బు. ఈ సంగతి బైబిలు ఎంత తిరగేసినా దొరకదు. యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూద్‌లో ‘బావా కమ్మా’ అనే భాగం తెరవాలి.

అక్కడ పండితులు ఆ వాక్యాన్ని పట్టుకుని అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేస్తారు. కొట్టినవాడు ముందే గుడ్డివాడైతే ఏం పీకుతారు? ఒకడి కన్ను పెద్దదీ ఇంకొకడిది చిన్నదీ అయితే లెక్క ఎలా సరిపోతుంది? కన్ను తీస్తుండగా మనిషి ప్రాణమే పోతే, కంటికి బదులు కన్నూ ప్రాణమూ రెండూ తీసుకున్నట్టు కాదా? అందరికీ ఒకేలా వర్తించనిది చట్టమెలా అవుతుందని నిలదీసి, చివరికి పరిహారం దగ్గరికి వస్తారు. ఆ పరిహారంలోనూ అయిదు పద్దులున్నాయి: అవయవ నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పని పోయిన రోజుల కూలి, అవమానం. అవయవ నష్టాన్ని కట్టే పద్ధతి వింటే ఇవాళ మనకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మనిషిని బానిసల సంతలో నిలబెడితే దెబ్బ తగలకముందు ఎంత పలికేవాడు, తగిలాక ఎంత పలుకుతాడు అని చూసి ఆ తేడా ఇప్పిస్తారు. ఇంత చర్చలోనూ రబ్బీ ఎలీఎజెర్ అనే ఆయన కన్నంటే కన్నేనని పట్టుబట్టాడు. ఆయన మాట చెల్లలేదు. అయినా కొట్టేయకుండా పుస్తకంలో ఉంచారు. ఆయన ఉద్దేశం ఏమై ఉంటుందా అని తర్వాతివాళ్ళు దాని మీద మళ్ళీ తర్కించారు.

యూదుల నమ్మకాలనూ పండుగలనూ చదివి తెలుసుకుంటామనేవాళ్ళకు నేను ముందు చూపించేది ఈ చర్చనే. ఏయే పుస్తకాలు చదవాలన్నది తర్వాతి సంగతి. వాళ్ళు ఎలా చదువుతారో తెలియకపోతే వాళ్ళ పుస్తకం చేతిలో ఉన్నా వాళ్ళ మతం అందదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశాక బలులు ఆగిపోయాయి, యాజకులకు బలిపీఠం లేకుండా పోయింది. ప్రార్థనతో పాటు గ్రంథం చదువుకోవడం ఆ ఖాళీలోకి వచ్చింది. అప్పటినుంచి చదివే పద్ధతిని ఒక కళలా మెరుగుపెట్టుకుంటూ వచ్చారు. పండుగలు కూడా ఆ పద్ధతిలోంచే అర్థమవుతాయి.

తెలుగు బైబిలు ఇంట్లో ఉన్నవాళ్ళకు పుస్తకాల పేర్లు తెలిసినవే. ఆదికాండం నుంచి ద్వితీయోపదేశకాండం దాకా అయిదూ కలిస్తే తోరా. తర్వాత ప్రవక్తలు, ఆ తర్వాత తక్కిన రచనలు. గ్రంథాలు అవే గానీ అమరిక వేరు. క్రైస్తవుల పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది. అందులో ఏలీయా వస్తాడన్న మాట చివర్న ఉంటుంది, పేజీ తిప్పితే సువార్తలు అందుకుంటాయి. యూదుల అచ్చు ప్రతుల్లో చివరిది దినవృత్తాంతములు. పర్షియా రాజు కోరెషు యూదులను యెరూషలేముకు వెళ్ళి గుడి కట్టుకోమనడంతో అది ఆగిపోతుంది. ఒక వరుస రాబోయే మనిషి కోసం ఎదురుచూస్తుంది, మరొకటి ఇంటిదారి పడుతుంది.

యూదుల ప్రార్థనామందిరమైన సినగాగులో సభ ముందు చదివే తోరాను అచ్చు వేయరు. శుద్ధమని ఎంచిన జంతువుల చర్మాలను పదును చేసి, ఆ పత్రాలను ఒకదానికొకటి కుట్టి, రెండు కొయ్యలకు చుట్టిన గ్రంథపు చుట్ట అది. సోఫెర్ అనే లేఖకుడు ఈక కలంతోనో రెల్లు కలంతోనో 3,04,805 అక్షరాలూ చేత్తో రాస్తాడు. సుమారు ఏడాది పని. ఎంత కంఠతా వచ్చినా చూడకుండా రాయకూడదు. ఎదురుగా ప్రతి పెట్టుకుని, ఒక్కో మాటా పైకి పలికి రాయాలి. ఒక్క అక్షరం చెదిరినా, పక్కపక్క అక్షరాలు అంటుకున్నా దిద్దేదాకా ఆ చుట్ట సభలో చదవడానికి పనికిరాదు.

అందులో ఉండేవన్నీ హల్లులే. అచ్చుల గుర్తుల్లేవు, విరామాల్లేవు, రాగం ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో చెప్పే సంజ్ఞల్లేవు. క, ల అని రెండే హల్లులు రాసి ఉంటే కల అనాలో, కాలు అనాలో, కీలు అనాలో, కూలి అనాలో చదివేవాడికి ముందే తెలిసి ఉండాలి. ఆ చదువు నోటి నుంచి నోటికి వచ్చింది. దాన్ని గుర్తులుగా రాసిపెట్టినవాళ్ళలో పేరుపడ్డవాళ్ళు గలిలయ సరస్సు ఒడ్డున తిబెరియ పట్టణపు పండితులు. క్రీ.శ. 930 ప్రాంతపు అలెప్పో ప్రతి వాళ్ళ పనికి మేలైన నమూనా. ఆ గుర్తులు పుస్తకాలకు ఎక్కాయి గానీ చుట్టకు ఎక్కలేదు. అందుకని శనివారం చదవాల్సినవాడు వారమంతా గుర్తులున్న పుస్తకంతో సాధన చేసి, ఆ రోజు గుర్తుల్లేని చుట్ట ముందు నిలబడతాడు. వేలితో తాకకూడదు కాబట్టి, కొసన చిన్న చెయ్యి చెక్కిన వెండి పుల్లతో వరుస చూపించుకుంటాడు. అటూ ఇటూ ఇద్దరు నిలబడి వింటారు. అర్థం మారేలా ఒక్క మాట తప్పినా ఆపి మళ్ళీ పలికిస్తారు.

స్వరం తప్పితే ఊరుకోని వేదపాఠం మనకు తెలుసు. అక్కడ నోటికి రావడమే గొప్ప. పుస్తకం చూసి చదివేవాణ్ణి పాణినీయ శిక్ష అధమ పాఠకుల్లో చేర్చింది. తోరా దగ్గర ఇది సరిగ్గా తిరగబడుతుంది. మొత్తం కంఠతా వచ్చిన పండితుడైనా సభలో చూడకుండా చెప్పకూడదు, కళ్ళు చుట్ట మీదే ఉండాలి. జ్ఞాపకం ఎంత గట్టిదైనా దానికి పత్రమే సాక్షి. రెండు సంప్రదాయాలూ ఒక్క అక్షరం పోకుండా కాపాడాలన్న పట్టుదలలో సమానమే. కాపలా ఎవరి చేతికి ఇవ్వాలన్న దగ్గరే విడిపోయాయి.

తోరా మొత్తాన్ని 54 భాగాలు చేశారు. వారానికొకటి, అవసరమైన వారాల్లో రెండేసి కలిపి, ఏడాదిలో పూర్తిచేస్తారు. పూర్వం పాలస్తీనాలో సుమారు మూడేళ్ళకొకసారి పూర్తయ్యే క్రమం ఉండేది. బాబిలోను యూదుల ఏడాది క్రమమే చివరికి నిలిచింది. శనివారం పొద్దున ఏడుగురిని పిలుస్తారు, మొదట యాజక వంశంవాణ్ణి, తర్వాత లేవీ వంశంవాణ్ణి. సోమ, గురువారాల్లో చిన్న భాగం చదువుతారు. ఒకప్పుడు పల్లెజనం సంతకు వచ్చే రోజులవి. శరత్కాలంలో సిమ్హత్ తోరా పండుగనాడు మోషే చనిపోయే చివరి అధ్యాయం చదివి, అక్కడ ఆగకుండా అప్పుడే సృష్టి మొదటి అధ్యాయం అందుకుంటారు. చుట్టలను చంటిపిల్లల్లా ఎత్తుకుని నాట్యం చేస్తారు. పుస్తకం పూర్తయిందనీ మళ్ళీ మొదలైందనీ ఇంత సంబరపడే జనాన్ని చూస్తే, చదవడం మీదే బతికే నాబోటివాళ్ళకు కాస్త అసూయ కలుగుతుంది.

ఇక తల్మూద్. నోటిమాటగా వస్తున్న చట్టాన్ని క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసీ కూర్చాడు. అది మిష్నా. దాని మీద బాబిలోను విద్యాకేంద్రాల్లో ఆ తర్వాతి మూడు నాలుగు వందల ఏళ్ళు జరిగిన వాదోపవాదాలు గెమారా. రెండూ కలిస్తే తల్మూద్. పాలస్తీనాలోనూ ఒకటి తయారైంది గానీ, మామూలుగా తల్మూద్ అంటే బాబిలోనుదే. దాని పేజీని ఒక్కసారి చూస్తే మరచిపోలేం. నడిమధ్యన మిష్నా, గెమారా. కుట్టు వైపు పక్కన రాషీ వ్యాఖ్య. ఫ్రాన్సులోని ట్రోయ్ పట్టణానికి చెందిన రబ్బీ ష్లోమో యిత్‌స్హాకీ (1040–1105) పేరుకు అది పొట్టి రూపం. బయటి పక్కన తోసఫోత్, అంటే రాషీ మనవలూ వాళ్ళ శిష్యులూ ఆయనతోనే పేచీ పెట్టుకుంటూ రాసిన వ్యాఖ్యలు. తాత ఒక అంచున, మనవడు మరో అంచున, మధ్యలో వాళ్ళకంటే అయిదారు వందల ఏళ్ళు పాత తగువు. ఈ అమరికను స్థిరపరిచినవాడు యూదుడు కూడా కాదు. డేనియల్ బోమ్‌బర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు 1520, 1523 మధ్య వెనిస్‌లో తల్మూద్ మొత్తాన్ని మొదటిసారి అచ్చు వేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు, 1553లో, రోమ్ నగరంలో పోపు అధికారులు తల్మూద్ ప్రతులను రాశిపోసి తగలబెట్టారు. అంతకుముందు 1242లో పారిస్‌లోనూ అదే జరిగింది. పుస్తకాన్ని కాల్చినవాళ్ళకు దాని విలువ బాగానే తెలుసని నాకు అనిపిస్తుంది.

తల్మూద్‌లో దాదాపు ఏ భాగం తీసినా మొదటి పేజీ అంకె 2. దీనికి రకరకాల కారణాలు చెబుతారు. ఎవరూ ఈ పుస్తకానికి మొదటి నుంచి రాలేరని గుర్తుచేయడానికే అన్న చమత్కారం నాకు నచ్చింది, ఎందుకంటే లోపలి సరుకూ అలాగే ఉంటుంది. మొట్టమొదటి వాక్యం సాయంత్రం ‘షెమా’ ప్రార్థన ఏ వేళ నుంచి చదవాలని అడుగుతుంది. యాజకులు తమ వంతు ధాన్యం తినడానికి లోపలికి వెళ్ళే వేళ నుంచి అని జవాబు. షెమా ఏమిటి, ఎందుకు చదవాలి, ఆ యాజకులెవరు, వాళ్ళెందుకు చీకటి పడేదాకా ఆగారు, ఒక్కటీ చెప్పదు. పీఠిక లేదు, నిర్వచనాలు లేవు. జరుగుతున్న గొడవ మధ్యలోకి వచ్చి పడ్డట్టుంటుంది. ఒంటరిగా కూర్చుని చదివితే పది నిమిషాల్లో పుస్తకం మూసేయాలనిపిస్తుంది.

అందుకే దీన్ని ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పైకి చదివి అర్థం చెబితే రెండోవారు అడ్డుపడాలి. దీన్ని హవ్రూతా అంటారు. బేత్ మిద్రాష్ అనే చదువుశాలలో ఇలాంటి జంటలు పదుల సంఖ్యలో ఒకేసారి కేకలేసుకుంటూ ఉంటాయి. నిశ్శబ్దం పాటించమని బోర్డు పెట్టే మన లైబ్రరీలకు అది పూర్తిగా ఎదురు. అడ్డుపడటం ఎంత ముఖ్యమో చెప్పే కథ తల్మూద్‌లోనే ఉంది. రబ్బీ యోహనన్‌కు రేష్ లకీష్ అని ఒక జోడీ. దొంగతనాలు మానేసి చదువులోకి వచ్చిన మనిషి. అతను చనిపోయాక గురువు దిగులు తీర్చడానికి మరో మేధావిని పంపించారు. యోహనన్ ఏది చెప్పినా, దానికి ఆధారం ఫలానా చోట ఉందని ఇతను బలపరుస్తాడు. కాసేపటికి ముసలాయనకు ఒళ్ళు మండింది. రేష్ లకీష్ నా మాటకు ఇరవై నాలుగు ఆక్షేపణలు తెచ్చేవాడు, నేను ఇరవై నాలుగు జవాబులు వెతుక్కునేవాణ్ణి, విషయం దానంతటది విచ్చుకునేది. నేను సరిగ్గా చెప్పానని నువ్వు చెప్పాలా, ఆ మాత్రం నాకు తెలియదా అన్నాడట. ఆ దిగులుతోనే పోయాడు. మెచ్చుకునేవాడి కన్నా తగువు పెట్టుకునేవాడే చదువుకు కావాలన్న ఈ పట్టింపు వాళ్ళ బడుల్లో ఇప్పటికీ ఉంది. వాదం ఎటూ తేలకపోతే ‘తేకు’ అని రాసి వదిలేస్తారు. ఆ మాట ఉన్న చోట పిల్లలు కూడా ధైర్యంగా సొంత అభిప్రాయం చెప్పొచ్చు.

ఇలాంటి చదువు వంటగది దాకా ఎలా వస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించవద్దన్న మాట తోరాలో మూడు చోట్ల ఉంది. ఊరికే మూడుసార్లు చెప్పరు కదా అన్నది పండితుల పట్టు. వండటం, తినటం, దాని వల్ల ఏ లాభమైనా పొందటం, మూడూ నిషేధమేనని తీశారు. అక్కణ్ణుంచి మాంసానికి వేరే గిన్నెలు, పాల పదార్థాలకు వేరే గిన్నెలు, మాంసం తిన్నాక పాలు ముట్టడానికి గంటల లెక్క. నియమాలు పాటించే యూదుల ఇంట్లో గిన్నెల అలమరలు రెండు ఉండటం వెనక ఉన్నది ఒక వాక్యాన్ని మూడుసార్లు చదివిన తీరు.

పండుగల్లో చదువుకు పట్టం కట్టేది పెసహ్, తెలుగు బైబిలు భాషలో పస్కా. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డ రాత్రిని తలచుకునే పండుగ. ఇల్లంతా దులిపి, పులిసిన పిండి ఆనవాలు లేకుండా చేసి, ఆ రాత్రి భోజనాల బల్ల ముందు అందరూ తలా ఒక పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. పుస్తకం పేరు హగ్గాదా. ఆ రాత్రి కార్యక్రమం పేరు సెడర్, అందులో 15 అంచెలు. గుడి లేదు, పూజారి లేడు. ఇంటిపెద్ద, పిల్లలు, పుస్తకం, తిండి.

హగ్గాదా కూర్పంతా పిల్లల చేత ప్రశ్న అడిగించడం కోసమే. భోజనానికి ముందే కూరాకును ఉప్పునీళ్ళలో ముంచి తింటారు. ఎందుకంటే పిల్లలు వింతపడి అడగాలని తల్మూదే చెబుతుంది. అందరిలో చిన్నవాళ్ళు ఈ రాత్రి తక్కిన రాత్రుల్లా ఎందుకు లేదని అడుగుతారు. ఇంట్లో పిల్లలు లేకపోతే భార్య అడగాలి. ఒక్కడే ఉంటే తనను తానే అడుక్కోవాలి. జవాబులో నలుగురు పిల్లలు వస్తారు: తెలివైనవాడు, దుష్టుడు, అమాయకుడు, అడగడం కూడా రానివాడు. నలుగురికీ నాలుగు రకాల జవాబులు. నాలుగోవాడి దగ్గర పెద్దవాళ్ళే మాట మొదలుపెట్టాలి. బడిపంతుళ్ళు దీన్ని ఒక పాఠంగా చదువుకోవచ్చు. పులియని రొట్టె ముక్కను దాచిపెట్టడం, దాన్ని పిల్లలు కాజేసి బహుమతి కోసం బేరాలాడటం కూడా వాళ్ళను నిద్రపోకుండా కూర్చోబెట్టే ఎత్తే. ఐగుప్తు మీద పడ్డ పది తెగుళ్ళ పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకు ఒక్కో ద్రాక్షరసం చుక్క గిన్నెలోంచి తీసేస్తారు. శత్రువు పడ్డ బాధకు మన సంతోషం ఆ మేరకు తగ్గాలని దానికి ఒక వివరణ. చేదు ఆకు, పళ్ళూ గింజలూ నూరిన ముద్ద, ఒక్కోటీ నోట్లో పెట్టుకున్నప్పుడే దాని భాగం చదువుతారు.

విచిత్రమేమిటంటే, ఆ కథకు నాయకుడనుకునే మోషే పేరు హగ్గాదాలో దాదాపు కనిపించదు, ఒక వాక్యం మధ్యలో తగిలి పోతుంది. విడిపించింది దేవుడు, మనిషి కాదు అని గట్టిగా చెప్పడానికే అంటారు. నిర్గమకాండం చదివి సెడర్‌కు వెళ్ళినవాడు మోషే కోసం వెతుక్కుని తెల్లబోతాడు.

హగ్గాదాలు వేల రకాలు అచ్చయ్యాయి. 14వ శతాబ్దపు స్పెయిన్‌లో తయారై సరాయెవోకు చేరిన ప్రతి చాలా ప్రసిద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల చేతికి చిక్కకుండా దాన్ని దాచింది దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం లైబ్రేరియన్. దాని పేజీల మీద ద్రాక్షరసం మరకలున్నాయి. వాడని పుస్తకానికి మరకలు పడవు కదా. మన దేశానికి సంబంధించింది 1846లో బొంబాయిలో హీబ్రూ, మరాఠీ పక్కపక్కన అచ్చయిన హగ్గాదా. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదుల కోసం తెచ్చినది. శనివారం గానుగ ఆపే నూనెవాళ్ళు కాబట్టి ఊళ్ళో వాళ్ళను ‘శనివార్ తేలీ’ అనేవారు. శనివారం విశ్రాంతి, సున్నతి, షెమా ప్రార్థన మిగుల్చుకున్నారు గానీ వాళ్ళ చేతుల్లో పుస్తకాలు లేవు. కొచ్చి యూదు గురువులూ, మతం మార్చాలని వచ్చిన క్రైస్తవ మిషనరీలూ కూడా వాళ్ళకు హీబ్రూ నేర్పారు. మిషనరీలు ఆశించింది ఒకటి, జరిగింది ఇంకొకటి. 1874లో పుణెలో అచ్చయిన హగ్గాదా బొమ్మల్లో ఆడవాళ్ళు చీరలు కట్టుకుని పులియని రొట్టెలు చేస్తుంటారు.

తెలుగునేల మీద కూడా ఇలాంటి కథ ఒకటి నడుస్తోంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని మాదిగ కుటుంబాలున్నాయి. క్రైస్తవంలోంచి వచ్చి, 1980ల చివరి నుంచి బాహాటంగా యూదు ధర్మం పాటిస్తున్నారు. తమ పూర్వీకులు ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయీముకు చెందినవాళ్ళని వాళ్ళ నమ్మకం. ఈ సముదాయం గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన పుస్తకం 2013లో వచ్చింది. వంశం నిజమా కాదా అన్నదాని చుట్టూ తిరగకుండా, కులం, మతం, గుర్తింపు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చెబుతుంది. నా మటుకు నాకు వంశావళి కన్నా, వ్యవసాయ కూలి పనుల మధ్య శనివారం పాటిస్తూ హీబ్రూ అక్షరాలు దిద్దుకోవడమే పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

పుస్తకాలతో యూదు పండుగలు తెలుసుకునేవాళ్ళు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. హనుక్కా దీపాల పండుగ కోసం హీబ్రూ బైబిలు వెతికితే ఉండదు. మక్కబీయుల గ్రంథాలు క్యాథలిక్కుల బైబిల్లో ఉన్నాయి గానీ యూదుల బైబిల్లో చేరలేదు. ఒక్కరోజు నూనె ఎనిమిది రోజులు వెలిగిన కథ తల్మూద్‌లో, శనివారం దీపాల చర్చ మధ్యలో వస్తుంది. కొత్త సంవత్సరం రోష్ హషానాను సృష్టికి పుట్టినరోజంటారు. ఆ రోజు చదివేది మాత్రం సృష్టి కథ కాదు, హాగరునూ ఇష్మాయేలునూ వెళ్ళగొట్టిన కథ, మర్నాడు ఇస్సాకును బలిపీఠమెక్కించిన కథ. ఉపవాసాల యోమ్ కిప్పూర్ మధ్యాహ్నం యోనా గ్రంథం, వారాల పండుగకు రూతు. దేవాలయం కూలిన రోజు తిషా బె ఆవ్ నాడు నేల మీద కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. ఆ రోజు తక్కిన తోరా చదువు నిషిద్ధం, చదువు సంతోషమిస్తుంది కాబట్టి.

నమ్మకాల పట్టిక కోసం వెతికేవాళ్ళూ కొంత నిరాశపడతారు. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ పదమూడు సూత్రాలు రాశాడు, ప్రార్థన పుస్తకాల్లోనూ చేరాయి. అయినా వాటి మీద పండితులు వందల ఏళ్ళు పోట్లాడారు. ఏం నమ్ముతున్నావన్నదాని కన్నా ఈ వేళ ఏం చేస్తున్నావు, ఏం చదువుతున్నావు అన్నదే వాళ్ళ సాహిత్యంలో ఎక్కువగా వినిపిస్తుంది.

ఈ చదువు చాలాకాలం మగవాళ్ళ సొత్తుగా ఉండిపోయిందన్నది దాచాల్సిన పని లేదు. 1917లో క్రాకోలో సారా షెనిరర్ అనే కుట్టుపనిచేసే ఆవిడ ఆడపిల్లలకు బడి పెట్టింది. తల్మూద్ దాకా రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. రోజుకొక పత్రం చొప్పున 2,711 పత్రాలనూ ఏడున్నరేళ్ళలో ముగించే ‘దఫ్ యోమీ’ పద్ధతిని 1923లో వియన్నా మహాసభలో రబ్బీ మేయర్ షపీరో ప్రతిపాదించాడు. ఆ పదమూడో ఆవృత్తి 2020 జనవరిలో ముగిసినప్పుడు యెరూషలేములో ఆడవాళ్ళు కూడా వేల మందిగా చేరి సంబరం చేసుకున్నారు. ఆదిన్ స్టైన్‌సాల్ట్జ్ 1965లో మొదలుపెట్టి 2010లో పూర్తిచేసిన వివరణ వల్ల తల్మూద్ మామూలు చదువరికి అందుబాటులోకి వచ్చింది. దాని ఇంగ్లీషు రూపం సెఫారియా అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో ఉంది. తెలుగులో ఇలాంటిదేదీ లేకపోవడం లోటే.

మొదలుపెట్టాలనుకునే తెలుగు పాఠకుడికి నేను ఎస్తేరు గ్రంథం చేతిలో పెడతాను. పది చిన్న అధ్యాయాలు, తెలుగు బైబిల్లో గంటలోపు పని. అహష్వేరోషు రాజు ఏలుబడి 127 సంస్థానాలు, వాటికి ఒక ఎల్ల ఇండియా. హీబ్రూ బైబిలు మొత్తంలో మన దేశం పేరు వచ్చేది ఈ పుస్తకంలోనే. హామాను అనే మంత్రి యూదులందర్నీ చంపించబోతే, రాణి ఎస్తేరూ ఆమె బంధువు మొర్దెకై ఆ కుట్రను తిప్పికొట్టారు. దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు, వెతికి చూసుకోవచ్చు. పూరీమ్ పండుగకు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి దీన్ని చుట్టలోంచి చదువుతారు. హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి, కాళ్ళు నేలకు బాది గోల చేస్తారు. పేరు వినబడకూడదు, కానీ చదివే ప్రతి మాటా వినితీరాలి కాబట్టి చదివేవాడు గోల తగ్గేదాకా ఆగాలి. హామాను పదిమంది కొడుకుల పేర్లు ఒక్క ఊపిరిలో చదవాలి. తర్వాత స్నేహితులకు తినుబండారాలు పంపి, బీదలకు ఇచ్చి, విందుకు కూర్చుంటారు.

కథ చదివాక సెఫారియాలో తల్మూద్‌లోని ‘మెగిల్లా’ భాగం ఏడో పత్రం తీయాలి. పూరీమ్ నాడు, శాపగ్రస్తుడు హామానుకూ ధన్యుడు మొర్దెకైకీ తేడా తెలియనంతగా తాగాలని రావా అనే పండితుడి మాట అక్కడ ఉంది. వెంటనే, ఏ వ్యాఖ్యానమూ లేకుండా, ఒక కథ. రబ్బా, రబ్బీ జేరా ఇద్దరూ కలిసి పూరీమ్ విందు చేసుకున్నారు, బాగా తాగారు. మత్తులో రబ్బా లేచి జేరా గొంతు కోశాడు. మర్నాడు తెలివొచ్చి ప్రార్థన చేసి బతికించుకున్నాడు. మరుసటి ఏడాది మళ్ళీ విందుకు పిలిస్తే, ప్రతిసారీ అద్భుతం జరగదు కదా అని జేరా తప్పుకున్నాడు. అంతే, చర్చ వేరే సంగతికి వెళ్ళిపోతుంది. తాగమన్న నియమం చెల్లుతుందా లేదా? కథను నియమం పక్కనే పెట్టింది దాన్ని కొట్టేయడానికేనన్నాడు రబ్బేను ఎఫ్రాయిమ్. మళ్ళీ పిలిచాడంటే రబ్బా తన పద్ధతి మార్చుకోలేదు కాబట్టి నియమం నిలబడిందన్నది ఎదుటి వాదం. 16వ శతాబ్దంలో క్రాకో రబ్బీ మోషే ఇస్సెర్లెస్ మధ్యేమార్గం చూపించాడు. రోజూ కన్నా కాస్త ఎక్కువ తాగి పడుకుంటే చాలట, నిద్రపోయేవాడికి హామానుకూ మొర్దెకైకీ తేడా ఎలాగూ తెలియదు.